మూత పెట్టే ముందు

పొద్దున్నే పిల్లల్ని బడికి పంపే ఇంట్లో వంటగది ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒక పొయ్యి మీద గుడ్లు ఉడుకుతుంటాయి, ఇంకో పొయ్యి మీద రొట్టె మాడుతుంటుంది, సాక్సు ఒకటి దొరికితే రెండోది దొరకదు. అంత హడావిడిలోనూ ఒక తల్లి గట్టు మీద మోచేయి ఆనించి, చిన్న కాగితం మీద నాలుగు మాటలు రాసి, మడిచి కూతురి లంచ్ బాక్స్‌లో పెడుతోందంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఇందులో తప్పేముంటుందని కూడా అనిపిస్తుంది. ఆ కాగితంలో తప్పేమీ లేదు. కాగితం పెట్టాక, మూత పెట్టే ముందు, ఆ తల్లి ఇంకో పని చేసేది. ఈ కథంతా ఆ పని గురించే.

ఆమె ఒక కేకుల దుకాణంలో పని చేసేది. కేకుల మీద పేర్లు రాయడం ఆమె ఉద్యోగం. క్రీము నింపిన కోన్ చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పుట్టినరోజు పిల్లవాడి పేరు, పెళ్ళిరోజు దంపతుల పేర్లు, రిటైరయ్యే ఆఫీసరుగారి పేరు గుండ్రంగా రాసేది. ఆమె అక్షరాలు ముత్యాలు పేర్చినట్టుండేవి. దుకాణంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను రాతక్క అనేవారు.

ఆ దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎప్పుడో ఒకాయన కేకు బండి మీద పెట్టుకెళ్ళి, గతుకుల్లో కుదిపేసి, పేరంతా అలుక్కుపోయాక తిరిగొచ్చి, మీరిలాగే ఇచ్చారంటూ వీధంతా వినపడేలా యాగీ చేశాడు. ఆ రోజు నుంచి యజమానురాలు ఒకటే మాట పట్టుకుంది. "ఫోటో తీయందే పెట్టెకి మూత పడకూడదు" అనేది. రాతక్క చేతికి అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో పప్పుల డబ్బా మూత పెట్టేటప్పుడు కూడా ఆమె చెయ్యి ఫోన్ కోసం వెతికేది. భర్త చూసి, "తీయవే, తీయి. రేపు కందిపప్పు వచ్చి కేసు పెడితే సాక్ష్యం ఉంటుంది" అనేవాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. "ఈ రోజు ఎంతమందిని పైకి పంపించానో తెలుసా?" అన్నది ఆయనకు వచ్చిన ఇంకో హాస్యం. ఇంట్లో వాళ్ళు నవ్వినా నవ్వకపోయినా అది రోజూ ఉండేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆరో తరగతిలో పెద్ద బడికి మారింది. ఇంట్లో ఆ పిల్లను గువ్వ అని పిలిచేవారు. ముక్కు చిన్నది, తిండి ఇంకా చిన్నది. ఆ పేరు ఇంటి గడప దాటి ఎప్పుడూ వెళ్ళలేదు.

కొత్త బడిలో చేరాక లంచ్ బాక్స్ ఎలా వెళ్ళిందో అలాగే తిరిగి రావడం మొదలైంది. అడిగితే ఆకలి లేదనేది. తల్లికి ఏం చేయాలో తోచక ఒక రోజు ఉడికిన గుడ్డు పక్కన ఒక చీటీ పెట్టింది. "నిన్న నువ్వు తినలేదని ఈ గుడ్డు కోపంతో ఉడికిపోయింది. ఇవాళైనా దీన్ని కరుణించు" అని రాసింది. సాయంత్రం బాక్స్ ఖాళీగా వచ్చింది. చీటీ వెనక పెన్సిలుతో, "కరుణించాను. రేపు రొట్టెకి కోపం తెప్పించు" అని ఉంది. రాతక్క ఆ చీటీని గుండెకు హత్తుకుని, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అలా మొదలైంది. పొద్దున తల్లి రాసేది, సాయంత్రం కూతురి జవాబు వచ్చేది. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పుకోలేని మాటలు కూడా ఆ కాగితాల మీద చెప్పుకునేవారు. కొత్త బడిలో స్నేహితులు దొరకలేదని, లెక్కల టీచరు బల్ల మీద కొడితే భయమేస్తుందని గువ్వ రాసేది. తల్లి ఆ చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు.

చీటీ పెట్టాక, మూత పెట్టే ముందు, అలవాటుగా ఆమె ఫోటో తీసేది. మొదట్లో అది ఎవరికీ చూపించే ఉద్దేశంతో తీసింది కాదు. ఒక రోజు దుకాణంలో కేకు ఫోటో వెతుకుతుంటే ఆ బాక్సుల ఫోటోలు యజమానురాలి కంట పడ్డాయి.

"ఇంత బంగారం లాంటి రాతను ఫోన్‌లో మూలన పడేస్తావేంటి? ఒక పేజీ తెరువు. నలుగురు తల్లులు చూసి నేర్చుకుంటారు" అంది.

"ఇంట్లో మాటలు కదా అమ్మా, నలుగురికి ఎందుకు?"

"నలుగురికీ చెప్పుకోలేని మాటలేముంటాయే నీ రొట్టె ముక్కల్లో?" అని యజమానురాలు ఆమెను ములగచెట్టు ఎక్కించింది.

రాతక్క ఎక్కేసింది. ఆమెను మరీ తప్పుపట్టకండి. ఎన్నో ఏళ్ళుగా ఆమె రాసింది ఒక్కటీ మిగల్లేదు. ఎంత అందంగా రాసినా పూట గడవకముందే ఎవరో కత్తితో కోసేసేవారు. ఆ రాత ఎవరిదని అడిగిన వాళ్ళు లేరు. పేజీలో మొదటి ఫోటో పెట్టిన సాయంత్రానికే ఎక్కడెక్కడి వాళ్ళో "ఎంత బాగా రాశారండీ" అన్నారు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. కూతురి మొహం పెట్టడం లేదు కదా, బళ్ళో పేరు పెట్టడం లేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. పేజీకి "గువ్వ డబ్బా" అని పేరు పెట్టింది. కూతురికి మాత్రం చెప్పలేదు. కొన్నాళ్ళకు తన చీటీలతో పాటు కూతురి జవాబులు కూడా పెట్టడం మొదలుపెట్టింది, వాటికి ఇంకా ఎక్కువ లైకులు వచ్చేవి.

ఒక సాయంత్రం వచ్చిన చీటీ మామూలుగా లేదు. కాగితం వెనక చోటు చాలక అంచుల వెంట కూడా రాసింది పిల్ల. "అమ్మా, నీ ఒక్కదానికే చెప్తున్నా. క్లాసులో పాఠం పైకి చదవమంటే నాకు మాట ఆగిపోతోంది. మొదటి అక్షరం దగ్గరే నోరు పట్టేస్తోంది. అందుకే నా వంతు దగ్గరికి రాగానే బాత్రూమ్‌కి వెళ్తానని చెయ్యెత్తుతున్నా. అక్కడ గోడకి ఆనుకుని నిలబడి, అందరూ చదవడం అయిపోయి ఉంటుందనుకున్నాక వస్తున్నా." అన్నిటికన్నా కింద, అంచు మీద ఇరుకుగా, "ఎవరికీ చెప్పకు. నాన్నకి కూడా" అని ఉంది.

తల్లి గుండె చెరువైంది. పొద్దున లేచి ఎంతో ప్రేమగా జవాబు రాసింది. "గువ్వా, మాట ఆగితే ఆగనీ. అది వచ్చేదాకా ఆగి వినడానికి నేనున్నాను." ఆ ప్రేమ నిజం. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. జవాబు రాశాక నిన్నటి చీటీని, ఇవాళ్టి చీటీని పక్కపక్కన బాక్స్‌లో పెట్టింది. ఫోన్ ఎత్తింది. కింది అంచున ఉన్న ఆ చివరి వాక్యం ఫోటోలో పడుతోంది. చెంచా తీసి అడ్డంగా దాని మీద పెట్టింది. చెంచా ఉంటే ఫోటోకి అందం వస్తుందనుకుంది. ఫోటో తీసింది, పేజీలో పెట్టింది, నిన్నటి చీటీని బిస్కెట్ల డబ్బాలో పడేసి, బాక్సుకి మూత పెట్టింది.

ఆ ఫోటో దావానలంలా పాకింది. ఎవరెవరో పంచుకున్నారు. "కంటతడి పెట్టించారు తల్లీ" అన్నారు. "మీలాంటి అమ్మ ప్రతి ఇంట్లో ఉండాలి" అన్నారు. గువ్వ క్లాసులోనే చదివే ఒక అమ్మాయి వాళ్ళమ్మ కూడా చూసింది. అందులోని బాక్సు మీద రెక్క చిరిగిన నీలం పిట్ట బొమ్మ ఉంది. "ఇది మీ క్లాసు పిల్ల డబ్బాలా ఉందే" అని ఆమె కూతురికి చూపించింది. బొమ్మను చూడగానే ఆ అమ్మాయి గుర్తుపట్టింది.

మర్నాడు పాఠం చదివే వేళ గువ్వ చెయ్యెత్తగానే వెనక బెంచీలోంచి ఎవరో "గువ్వ ఎగిరిపోతోందే!" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. తన ఇంటి పేరు ఈ గదిలోకి ఎలా వచ్చిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. క్లాస్ టీచరు మంచి మనిషి. ఆమె కూడా పేజీ చూసింది. అందర్నీ కసిరి, గువ్వ వైపు తిరిగి ఎంతో దయగా, "కంగారుపడకమ్మా. నీ ఇబ్బంది మాకందరికీ తెలుసు. మాట ఆగితే ఆగనీ, మేమందరం ఆగి వింటాం" అంది. నిన్న తన డబ్బాలో ఉన్న మాటలు టీచరు నోట్లోంచి వింటూ ఆ పిల్ల ఎత్తిన చెయ్యి దించడం కూడా మర్చిపోయింది.

ఆ మధ్యాహ్నం స్కూలు బస్సు దగ్గర పెద్ద క్లాసు అమ్మాయి ఒకతె ఫోన్‌లో ఫోటో చూపించింది. గువ్వ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూసింది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

సాయంత్రం తల్లి గిన్నెలు తోముతుంటే పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మా, నా చీటీలు ఏం చేస్తున్నావు?"

"బిస్కెట్ల డబ్బాలో దాస్తున్నానే. ఏం?"

"ఎవరికైనా చూపించావా?"

"నీ రాతలు ఎవరికి చూపిస్తానే, పిచ్చిపిల్లా!"

ఆ ప్రశ్న అడిగేసరికే గువ్వకు జవాబు తెలుసు. తల్లి నిజం చెప్తుందేమోనని అడిగింది, అంతే. తర్వాత వెళ్ళి హోమ్‌వర్క్ చేసుకుంది.

మర్నాటి నుంచి జవాబులు ఎంతో అందంగా రావడం మొదలైంది. "అమ్మా, నీ చీటీ చదవగానే ధైర్యం వచ్చింది. ఈ రోజు పేజీ మొత్తం ఆగకుండా చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు" అని ఒక రోజు. "నాకు కొత్తగా ఇద్దరు స్నేహితులు దొరికారు" అని ఇంకో రోజు. "మా అమ్మ లాంటి అమ్మ ఇంకెవరికీ లేదు" అని మరో రోజు. అక్షరాలు కూడా మునుపటిలా వంకర్లు పోకుండా, గీత గీసినట్టు నీటుగా ఉండేవి. రాతక్క వాటిని చూసుకుని మురిసిపోయేది, ఫోటో తీసి పేజీలో పెట్టేది.

"దీని గొంతు విని ఎన్నాళ్ళయిందే? నా జోకులకి తిట్టడం కూడా మానేసింది" అన్నాడు తండ్రి ఒక రోజు.

"పెద్ద క్లాసు కదండీ, చదువు ఎక్కువైంది. బళ్ళో బాగానే మాట్లాడుతోందట" అంది రాతక్క. ఎదురుగా కూర్చున్న పిల్లను చూడకుండా చీటీ చూసి చెప్పింది ఆ మాట.

అంతలో బడిలో తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా ఫోన్ చేసి, పిల్లల మనసు తెలుసుకోవడం ఎలాగో నాలుగు మాటలు చెప్పమని రాతక్కను అడిగింది. "మీరు మాట్లాడాక మీ అమ్మాయి ఒక చీటీ పైకి చదువుతుంది. అందరికీ స్ఫూర్తిగా ఉంటుంది" అంది. యజమానురాలు తన ఖర్చుతో ఒక పెద్ద కేకు పంపిస్తానంది. చీటీల సంగతి బడి దాకా ఎలా వెళ్ళిందో తల్లి చెప్పలేదు, పిల్ల అడగలేదు. గువ్వ మాత్రం వినగానే, "వద్దమ్మా" అంది.

"పేజీ మొత్తం ఆగకుండా చదివినదానివి, రెండు ముక్కలు చదవలేవా?"

పిల్ల పుస్తకాలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సమావేశం రోజున రాతక్క ఇస్త్రీ చీర కట్టుకుని హాలు బయట వరండాలో నిలబడి ఉంటే క్లాస్ టీచరు వచ్చి పక్కకు పిలిచింది.

"ఏమీ అనుకోకండి. పాపతో చదివించడం అవసరమంటారా? క్లాసులో నోరు విప్పి చాలా రోజులైంది. హాజరు పిలిచినా చెయ్యెత్తుతుందంతే."

"అదేంటండీ? మొన్న పేజీ మొత్తం చదివితే చప్పట్లు కూడా కొట్టారటగా!"

టీచరు తెల్లబోయింది. "ఒక్క రోజు కూడా చదవలేదండీ. పేజీలో చూశాను. పాపకి ధైర్యం చెప్పడానికి మీరే అలా రాయిస్తున్నారనుకున్నాను."

రాతక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తాను కళ్ళకద్దుకున్న ప్రతి మాటా అబద్ధమా? కన్నకూతురు తనను ఇంత మోసం చేసిందా? వేదిక ఎక్కే ముందు గువ్వ చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఒంటరిగా కనిపించింది. తల్లి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నాతో అబద్ధాలాడతావా? అడిగినవన్నీ చేసి పెడుతున్నానే, నీ కోసం రోజూ అంత ప్రేమగా రాస్తున్నానే, నన్ను ఇలా నమ్మించి మోసం చేస్తావా?"

గువ్వ నోరు తెరిచింది. మొదటి మాట రావడానికి చాలాసేపు పట్టింది. కుళాయి లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తల్లి ఆగింది, ఆగి వింటానని రాసిచ్చింది కాబట్టి కాదు, ఏం చేయాలో తెలియక.

"అవి నీకు రాసినవి కాదమ్మా."

"మరి ఎవరికి?"

"నీ ఫోన్‌లో వాళ్ళకి. వాళ్ళకి ఏం నచ్చుతాయో అవే రాశాను. నీకు రాసినవి ఆ బాత్రూమ్ చీటీతోనే ఆగిపోయాయి."

"గువ్వా..."

"అలా పిలవకు. క్లాసంతా అలాగే పిలుస్తోంది."

"నీ మొహం పెట్టలేదు కదమ్మా, నీ పేరు కూడా పెట్టలేదు. నలుగురూ నిన్ను మెచ్చుకుంటున్నారనే కదా..."

పిల్ల ఏడవలేదు. తల్లి కళ్ళలోకి చూసి, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అడిగింది. "చెంచా కింద నేనేం రాశానమ్మా?"

రాతక్క కుళాయి కట్టేసింది.

చదవకుండా పొరపాటున పెట్టానని చెప్పడానికి లేదు. ఆ వాక్యాన్ని చదివింది. చదివింది కాబట్టే దాని మీద చెంచా పెట్టింది. అందం కోసమని తనకు తాను చెప్పుకున్న మాట తనకే అప్పుడు సిగ్గనిపించింది. మోసం ఎక్కడ మొదలైందో, ఎవరు ఎవరిని మోసం చేశారో ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

హాల్లోంచి మైకులో ఆమెను పిలిచారు. వేదిక ఎక్కింది. ఎదురుగా కిక్కిరిసిన తల్లులు, తండ్రులు, చాలామంది చేతుల్లో పైకెత్తిన ఫోన్లు. జరిగిందంతా చెప్పేసి, నేను తప్పు చేశానని అందరి ముందూ ఏడవాలనిపించింది ఆమెకు. నోటి దాకా వచ్చింది కూడా. అది చెబితే హాలంతా కంటతడి పెడుతుంది, లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది, ఆ చప్పట్ల కింద తన కూతురి కష్టం ఇంకోసారి నలుగురి నోళ్ళలో నానుతుంది. ఆ సంగతి అర్థమయ్యాక ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నన్ను క్షమించండి. నా కూతురికి నేను రాసినవీ, నాకు నా కూతురు రాసినవీ మా ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాటలు. వాటి గురించి ఇక ఎవరికీ ఏమీ చెప్పను. మా అమ్మాయి కూడా ఏమీ చదవదు" అని దిగిపోయింది.

హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. పొగరు పట్టిందన్నవాళ్ళు ఉన్నారు. కేకు పంపిన యజమానురాలు మర్నాడు, "అంత మంది ముందు నా మొహం చెల్లకుండా చేశావు కదే" అని దెప్పింది. రాతక్క దేనికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఇంటికి రాగానే భర్త, "మధ్యలోనే దిగిపోయావట, ఏమైందే?" అని అడిగితే, "అది చెప్పాల్సింది నేను కాదండీ" అంది. ఆయన ఆ ఒక్క సాయంత్రం ఏ హాస్యమూ ఆడలేదు.

పేజీ తీసేసింది. కానీ ఎవరెవరో దాచుకున్న ఫోటోలు, పంచుకున్న ఫోటోలు వెనక్కి తెచ్చుకోవడం ఆమె తరం కాలేదు. బడిలో గువ్వ అన్న పిలుపు ఆగలేదు. ఇంట్లో మాత్రం తల్లీ తండ్రీ ఆ పేరు పలకడం మానేశారు. ముద్దుగా పెట్టుకున్న పేరు వాళ్ళకే లేకుండా పోయింది.

"చీటీ పెట్టనా?" అని ఒక పొద్దున తల్లి అడిగితే, "వద్దు" అంది పిల్ల. అప్పటి నుంచి బాక్స్‌లో రొట్టె, గుడ్డు, పండు మాత్రమే వెళ్ళేవి. సగం తిరిగొచ్చేవి. రాతక్క ఏమీ అడగకుండా కడిగి బోర్లించేది. దుకాణంలో కేకుల మీద పేర్లు రాస్తూనే ఉంది, మూత పెట్టే ముందు ఫోటో తీస్తూనే ఉంది. తీసిన ప్రతిసారీ చెంచా గుర్తొచ్చేది.

వర్షాలు మొదలయ్యాక ఒక పొద్దున, పిల్ల బూట్లు వేసుకుంటూ తల ఎత్తకుండానే అంది.

"కావాలంటే ఇవాళ ఒక చీటీ పెట్టు."

తల్లి గబగబా కాగితం తీసింది.

"కానీ నేను చూస్తుండగా మూత పెట్టు."

ఆ తల్లికి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరు వేయగలరు? ఆమె రెండు మాటలు రాసి, మడిచి, గుడ్డు పక్కన పెట్టింది. పిల్ల వచ్చి గట్టు పక్కన నిలబడింది. తల్లి చేతుల్ని చూసింది, తర్వాత గట్టు మీదున్న ఫోన్‌ను తీసి బోర్లా పెట్టింది. మూత పడిన చప్పుడు విన్నాకే బాక్స్ సంచిలో పెట్టుకుంది. ఇప్పటికీ రోజూ అలాగే కాపలా కాస్తుంది. చీటీ వెనక జవాబు మాత్రం ఇంకా రాయడం లేదు.

ఆ చీటీలో ఏం రాసి ఉంటుందని మీరు అడగవచ్చు. నాకు తెలుసు, కానీ చెప్పను. కేకు నలుగురి కోసం చేసేది, మూత తీసి నలుగురికీ చూపించుకోవచ్చు. మన బిడ్డ మనల్ని నమ్మి చెప్పిన మాట కడుపులో దాచుకోవాల్సినది. దాన్ని ఎంత ప్రేమతో నలుగురిలో పెట్టినా, అది నమ్మకద్రోహమే అవుతుంది.